మూడు సెంట్ల స్టాంపుమీది దైవజనుడు: రోజర్ విలియమ్స్‌గారి జీవితము



శతాబ్ది సంచికలలో సంఘ స్థాపకుల చిత్రపటములు ముందు పుటలలో ఉండుట వాడుక. వారి ప్రయాసను తలంచుకొని దేవునికి స్తుతులు చెల్లించుట మనకు తగియున్నది. అయితే ఈ వ్యాసములో మేము మన నెల్లూరు నేల ఎన్నడును త్రొక్కని ఒక దైవజనుని గూర్చి వ్రాయుచున్నాము. ఆయన మరణించిన నూటయేబది ఏండ్లకు గాని అమెరికా మిషనరీలు తెలుగుదేశమునకు రాలేదు. అయినను ఈ తీరమున నాటబడిన సువార్త చెట్టుకు వేళ్లు ఎక్కడెక్కడ ఉన్నవని త్రవ్వి చూచినయెడల, ఒక వేరు ఆయన పెరటివరకు పోవును. ఆయన పేరు రోజర్ విలియమ్స్. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర పాఠము చదువుకొనునప్పుడు ఆయన పేరు విన్నాము. ఆయనను దగ్గరగా చూపించినది మాత్రము ఒక చిన్న తపాలా బిళ్ల.

ఆల్బమ్‌లో ఒక పుట

అల్లూరువంటి ఊరిలో అమెరికా స్టాంపుల ప్రస్తావన ఏమని కొందరికి తోచవచ్చును. వరిచేలు, చెరువు, తూర్పున బకింగ్‌హాం కాలువ, దానికి ఆవల సముద్రము, ఇవే మా ఊరి ఎల్లలు. అయితే 1873లో ఇచ్చట అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రము ఏర్పడినది. అది మొదలు సముద్రమునకు ఆవలినుండి ఉత్తరములు వచ్చుచుండెను. కవరు మూలను కత్తిరించి, నీళ్లలో నానవేసి, జిగురు వదలిన బిళ్లను గుడ్డమీద ఆరబెట్టి దాచుకొనిన పిల్లలు ఆనాడు ఉండిరని పెద్దలు చెప్పుదురు. అట్లు కూర్చిన ఆల్బమ్ ఒకటి మా సంఘపు పెద్దలొకరు మాకు చూపించిరి.

అమెరికా తపాలాశాఖవారు తమ దేశమునకు మొదట కాపురము వచ్చిన ఆంగ్లేయుల జ్ఞాపకార్థము అనేక స్టాంపులు వెలువరించిరి. వాటితోనే ఒక పుట నిండును. 1607లో జేమ్స్‌టౌను స్థాపింపబడెను గనుక 1907లో మూడు స్టాంపులు వచ్చినవి. వాటిలో ఒకదానిమీద కెప్టెన్ జాన్ స్మిత్, మరియొకదానిమీద పోకహాంటస్ అను ఆదివాసి కన్య కనబడుదురు. 1620లో మేఫ్లవర్ ఓడమీద వచ్చిన యాత్రిక పితరుల పేరున 1920లో మరి మూడు వచ్చినవి. వీటిలో ఒక వింత కలదు; వాటిమీద దేశము పేరే లేదు. 1932లో విలియం పెన్, 1934లో మేరీలాండు, 1935లో కనెక్టికట్ స్టాంపులు వెలువడెను. 1970లో మేఫ్లవర్ ప్రయాణమునకు 350 ఏండ్లు నిండగా అమెరికాయు బ్రిటనును స్టాంపులు వేసినవి. 2007లో జేమ్స్‌టౌను 400వ సంవత్సరపు స్టాంపు మూడు మూలల ఆకారమున వచ్చెను.

ఈ పుటలో ప్రక్క ప్రక్కన పెట్టవలసిన స్టాంపులు రెండు కలవు. మొదటిది 1930 నాటి రెండు సెంట్ల ఎఱ్ఱ స్టాంపు. అది మసాచుసెట్స్ బే వలసరాజ్యము యొక్క 300వ సంవత్సరమున వేసినది. దానిమీద ఆ రాజ్యపు ముద్ర ఉన్నది. పౌలునకు దర్శనములో కనబడిన మాసిదోనియ మనుష్యునివలె, ఒక ఆదివాసి నిలిచి తమకు సహాయము చేయ రమ్మని పిలుచుచున్నట్లు ఆ ముద్రలో చెక్కబడినది. రెండవది 1936 మే 4వ తేదీన వెలువడిన మూడు సెంట్ల ఊదారంగు స్టాంపు. మన ఊళ్లలో సెంటు అనగా ఇంటిస్థలపు కొలత. ఇచ్చట అది అమెరికా వారి చిల్లర నాణెము. రోడ్ ఐలండు రాష్ట్రపు 300వ సంవత్సరమున వేసిన ఆ స్టాంపుమీద రోజర్ విలియమ్స్‌గారి విగ్రహము ఉన్నది. శిక్ష విధించిన ప్రభుత్వము ఎఱ్ఱ స్టాంపుమీద, శిక్ష పొందిన మనుష్యుడు ఊదా స్టాంపుమీద ఉన్నారు. ఈ రెంటి నడుమ జరిగిన కథయే మేము చెప్పబోవుచున్నది.

జననము, విద్య

విలియమ్స్‌గారు సుమారు 1603వ సంవత్సరమున లండను నగరమున జన్మించిరి. తండ్రి జేమ్స్ బట్టల వ్యాపారి; తల్లి పేరు ఆలిస్. వారు కాపురమున్న పేటకు దగ్గరగా స్మిత్‌ఫీల్డు మైదానము ఉండెను. ప్రభుత్వపు మతముతో విభేదించినవారిని కొయ్యకు కట్టి కాల్చిన చోటు అది. 1612లో బార్తొలొమ్యూ లెగేట్ అను నతనిని అక్కడనే కాల్చిరి. అప్పటికి విలియమ్స్‌గారు సుమారు తొమ్మిదేండ్ల బాలుడు.

చిన్నతనముననే ఆయన సంక్షిప్తలిపి నేర్చుకొనిరి. ప్రసిద్ధ న్యాయమూర్తియైన సర్ ఎడ్వర్డ్ కోక్‌గారు ఈ బాలుని చురుకుతనము చూచి, న్యాయస్థానములో ప్రసంగములు వ్రాసికొనుటకు నియమించుకొని, 1621లో చార్టర్‌హౌస్ పాఠశాలకు పంపించిరి. అటుపిమ్మట కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలో చదివి 1627లో పట్టభద్రులైరి. హెబ్రీ, గ్రీకు, లాటిను, డచ్చి మొదలైన భాషలు ఆయనకు వచ్చును. తరువాత ఎసెక్స్ జిల్లాలో ఒక ధనవంతుని ఇంట చాప్లెయినుగా పనిచేసిరి. 1629 డిసెంబరులో మేరీ బర్నార్డ్ అను ఆమెను వివాహమాడిరి.

ఆ దినములలో ఇంగ్లండులో రాజు చెప్పిన ఆరాధన తప్ప వేరు ఆరాధన చేయువారికి చెరసాలలు, జరిమానాలు, చెవులు కోయుటలు సిద్ధముగా నుండెను. 1630 డిసెంబరులో విలియమ్స్ దంపతులు బ్రిస్టలు రేవున లయన్ అను ఓడ నెక్కి, 1631 ఫిబ్రవరిలో బోస్టను చేరిరి.

బోస్టనులో భేదాభిప్రాయము

బోస్టను సంఘమువారు ఈ యువ పాదిరిని తమ బోధకునిగా ఉండుమని కోరిరి. ఇరువది ఏడెనిమిదేండ్ల వయస్సున అది చిన్న గౌరవము కాదు. ఆ సంఘము ఇంగ్లండు ప్రభుత్వ సంఘముతో ఇంకను తెగతెంపులు చేసికొనలేదని విలియమ్స్‌గారు ఆ పదవిని నిరాకరించిరి. పిమ్మట సేలము అను ఊరిలోను, మేఫ్లవర్ యాత్రికులు కట్టుకొనిన ప్లిమత్‌లోను, మరల సేలములోను పరిచర్య చేసిరి.

ఆయన బోధలో మూడు సంగతులు ప్రభుత్వమునకు కంటగింపాయెను. మొదటిది భూమి సంగతి. ఇంగ్లండు రాజు ఆదివాసుల నేలను తనదిగా ఎంచి పట్టాలిచ్చుట అన్యాయమనియు, ఆ నేల ఆదివాసులదే గనుక వారియొద్ద కొనవలెననియు ఆయన చెప్పిరి. పట్టా అను మాటకు ఎంత బరువు ఉన్నదో అల్లూరు రైతులకు మేము చెప్పనక్కరలేదు. రెండవది ప్రమాణము సంగతి. నమ్మని మనుష్యునిచేత దేవుని పేరున ప్రమాణము చేయించుట ఆ నామమును వ్యర్థముగా ఉచ్చరింపజేయుటయేనని ఆయన భావించిరి. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. పది ఆజ్ఞలలో మొదటి పలకమీద దేవునిపట్ల మనుష్యుని విధులు ఉన్నవి. ఆ విధులను తప్పినవానిని శిక్షించు అధికారము మేజిస్ట్రేటునకు లేదని ఆయన వాదించిరి. దొంగతనము, నరహత్య ప్రభుత్వము విచారింపదగినవి. ఆరాధన మనుష్యునికిని దేవునికిని మధ్యనున్నది.

1635 అక్టోబరు 9వ తేదీన మసాచుసెట్స్ సర్వసభ ఆయనకు దేశబహిష్కారము విధించెను. ఆ నెలలోనే ఆయనకు రెండవ కుమార్తె జన్మించెను. ఆమెకు ఫ్రీబోర్న్ అని పేరు పెట్టిరి. స్వతంత్రురాలిగా పుట్టినదని దాని అర్థము.

మంచులో పదునాలుగు వారములు

విలియమ్స్‌గారు జబ్బుపడి యుండిరి గనుక వసంతకాలమువరకు గడువు ఇచ్చిరి. ఆయన ఇంటిలో కూడుకొనువారికి మాత్రము బోధించుట మానలేదు. 1636 జనవరిలో ఆయనను పట్టుకొని ఇంగ్లండుకు ఓడ నెక్కించవలెనని అధికారులు సిద్ధపడిరి. బంట్రోతులు వచ్చుసరికి ఆయన మూడు దినముల ముందే ఇల్లు విడిచియుండిరి. నారగాన్సెట్ అఖాతమువైపు పొమ్మని రహస్యముగా సలహా ఇచ్చినవారు మసాచుసెట్స్ మాజీ గవర్నరు జాన్ విన్‌త్రోప్‌గారే. సిద్ధాంతములో ఇద్దరికిని పొసగలేదు. స్నేహము మాత్రము చివరివరకు నిలిచెను.

పదునాలుగు వారములపాటు గట్టి మంచులో ఆయన తిరుగవలసి వచ్చెను. మన తీరమున కార్తీకమాసపు తుపాను రాత్రి కప్పులేని గుడిసెలో గడిపినవారు ఆ బాధను కొంత ఊహింపగలరు. క్రైస్తవ ప్రభుత్వము వెళ్లగొట్టిన ఈ పాదిరిని చేర్చుకొని అన్నము పెట్టినవారు, క్రైస్తవులు అన్యులని పిలిచిన వాంపనోగ్ ఆదివాసులు. వారి నాయకుడు మాసాసోయిట్ ఆయనకు పూర్వమే మిత్రుడు. ప్లిమత్‌లో నున్నప్పుడే విలియమ్స్‌గారు వారి గుడిసెలలో కూర్చుండి వారి భాష నేర్చుకొనియుండిరి. ఆ నేర్చిన భాషయే ఆయన ప్రాణమును కాపాడెను.

ప్రావిడెన్సు పట్టణము

1636లో మంచు కరగిన పిమ్మట ఆయన కొద్దిమందితో సీకాంక్ నది దాటి, ఒక నీటి ఊటయొద్ద ఊరు కట్టిరి. దేవుని సంరక్షణకు జ్ఞాపకముగా దానికి ప్రావిడెన్సు అని పేరు పెట్టిరి. ఆ నేలను నారగాన్సెట్ నాయకులైన కనోనికస్, మియాంటొనోమి అనువారియొద్ద పొందిరి. 1638 మార్చిలో దానికి దస్తావేజు వ్రాయబడెను. మనస్సాక్షి నిమిత్తము శ్రమపడువారికి ఆ ఊరు ఆశ్రయముగా ఉండవలెనని ఆయన కోరిక.

ఆ ఊరివారు ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. ఎక్కువమంది తీర్మానించినదానికి అందరును లోబడవలెను, అయితే లౌకిక విషయములలో మాత్రమే. దాని అర్థమేమో త్వరలోనే తేలెను. జాషువా వెరిన్ అను ఒక గృహస్థుడు తన భార్యను ఆరాధన కూటములకు పోనీయక అడ్డగించి, ఆమెను కొట్టెను. భార్య మనస్సాక్షి భర్త సొత్తా కాదా అని ఊరు విచారించెను. 1638లో అతని ఓటు హక్కును తీసివేసిరి. దాదాపు నాలుగు శతాబ్దముల క్రిందట అడవి నడుమ కొద్ది కుటుంబములుగల ఊరు చేసిన తీర్పు అది. మన ఇండ్లలో ఇప్పటికిని ఈ ప్రశ్న ముగిసినదని చెప్పగలమా?

ఇంతలో పీకాట్ అను ఆదివాసులతో మసాచుసెట్స్‌కు యుద్ధము వచ్చెను. నారగాన్సెట్‌లు పీకాట్‌లతో కలిసినయెడల ఆంగ్లేయుల ఊళ్లకు ప్రమాదము. అప్పుడు మసాచుసెట్స్ అధికారులు తాము వెళ్లగొట్టిన మనుష్యునికే కబురుపెట్టిరి. విలియమ్స్‌గారు గాలివానలో ఒంటరిగా పడవమీద పోయి, నారగాన్సెట్ నాయకునియొద్ద పీకాట్ రాయబారుల నడుమ రాత్రులు గడిపి, ఆ పొత్తు కుదరకుండ చేసిరి. మసాచుసెట్స్ ఆ మేలు పుచ్చుకొనెను. శిక్షను మాత్రము రద్దు చేయలేదు.

బాప్తిస్మము, అటుపిమ్మట

1639 ఆరంభమునాటికి విలియమ్స్‌గారు విశ్వాసుల బాప్తిస్మమే లేఖనానుసారమను నమ్మకమునకు వచ్చిరి. ఎజెకియేల్ హాలిమన్ అను నతనిచేత తాము బాప్తిస్మము పొంది, పిమ్మట అతనికిని మరి సుమారు పదిమందికిని ఇచ్చిరి. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘము అట్లు మొదలాయెను. అయితే కొద్ది మాసములకే ఆయన ఆ సంఘమును విడిచిరి. అపొస్తలుల అధికారము తెగకుండ నిలిచిన సంఘము లోకమున లేదనియు, క్రీస్తు తానే తిరిగి స్థాపించువరకు కనిపెట్టుచుండవలెననియు ఆయన తలంచిరి. బాప్టిస్టులు ఆయనను తమ పితరుడని చెప్పుకొందురు. ఆయన వారియొద్ద గడిపిన కాలము మాసములలో లెక్కింపదగినది. ఏ సంఘపు రిజిస్టరులోను చివరివరకు ఇమడని మనుష్యుడు ఆయన.

1643లో ఊరికి అధికారపత్రము సంపాదించుటకు ఇంగ్లండుకు ప్రయాణమైరి. మసాచుసెట్స్ రేవు ఆయనకు మూసియుండెను గనుక డచ్చివారి రేవునుండి ఓడ ఎక్కవలసి వచ్చెను. ఓడమీద కూర్చుండి ఆదివాసుల భాషను గూర్చి ఒక పుస్తకము వ్రాసిరి. పలకరింపులు, భోజనము, నిద్ర, వేట, వ్యాపారము, రోగము ఇట్లు దినచర్య వరుసలో మాటలు కూర్చిరి. అది ఆ యేటనే లండనులో అచ్చాయెను. ఇంగ్లీషువారు ఎంతకును వెరపుతో చూచిన జనులలో ఆతిథ్యము, న్యాయబుద్ధి ఎట్లున్నవో ఆ పుస్తకములో చూపించిరి.

1644లో అధికారపత్రము లభించెను. ఆ యేటనే మతహింసను ఖండించు తన పెద్ద గ్రంథమును ప్రకటించిరి. మనస్సాక్షి నిమిత్తము ఒకనిని హింసించుట క్రీస్తు బోధకు విరుద్ధమనియు, క్రైస్తవులకే గాక యూదులకు, తురకలకు, అన్యులకు, క్రైస్తవ విరోధులకు సహితము తమ ఆరాధన చేసికొను స్వేచ్ఛ ఉండవలెననియు అందులో వాదించిరి. గోధుమలును గురుగులును కోతకాలమువరకు కలిసి పెరుగనియ్యవలెనను ఉపమానము ఆయన వాదమునకు మూలస్తంభము. పార్లమెంటు ఆ గ్రంథమును కాల్చివేయుమని ఉత్తరువు చేసెను. అప్పటికే ఆయన తిరుగుప్రయాణములో ఉండిరి.

ఓడ ఉపమానము

1651లో మరల ఇంగ్లండుకు పోవలసివచ్చి, దారిబత్తెమునకు తన వర్తకపు కొట్టును అమ్ముకొనిరి. తిరిగివచ్చి 1654 నుండి 1657 వరకు ఆ వలసరాజ్యమునకు అధ్యక్షులుగా పనిచేసిరి. మనస్సాక్షి పేరుచెప్పి పన్నులు కట్టము, కావలి కాయము అనువారు అప్పుడు బయలుదేరిరి. వారికి 1655లో ఒక ఓడ ఉపమానముతో జాబు వ్రాసిరి. ఓడలో నానా మతములవారు ప్రయాణము చేయుదురు. ఓడ ప్రార్థనకు రమ్మని ఎవరిని బలవంతపెట్టరాదు. తమ ప్రార్థన చేసికొనువారిని అడ్డగించరాదు. అయితే ఓడను నడుపుటకు కెప్టెను ఇచ్చు ఆజ్ఞను అందరును వినవలెను. ఆయన చెప్పిన స్వేచ్ఛకు మేర కూడ ఆయనే గీసిరి.

ఆ దినములలో బోస్టను సంగతి వేరుగా నుండెను. 1651లో ఒబదయా హోమ్స్ అను బాప్టిస్టును అక్కడ కొరడాతో 30 దెబ్బలు కొట్టిరి. 1659 మొదలు 1661 వరకు నలుగురు క్వేకరులను ఉరితీసిరి. రోడ్ ఐలండునకు వచ్చిన క్వేకరులను ఎవరును ముట్టలేదు. యూదులును న్యూపోర్టున కాపురమైరి. విలియమ్స్‌గారికి క్వేకరుల బోధ ఎంతమాత్రము గిట్టదు. 1672లో, డెబ్బదికి దగ్గరపడిన వయస్సున, వారితో వాదించుటకు దినమెల్ల పడవను తామే నడుపుకొని న్యూపోర్టు చేరి, దినములతరబడి వాదించిరి. నోటితో ఎంతయైనను ఎదిరించిరి. వారిమీద చట్టమును ప్రయోగించుటకు మాత్రము ఒప్పుకొనలేదు. మనకు నచ్చినవారి స్వేచ్ఛను కోరుట తేలిక. నచ్చనివారి స్వేచ్ఛను కాపాడుటలోనే ఆ సిద్ధాంతము పరీక్షకు నిలుచును.

స్టాంపుమీద కనబడనిది

మహనీయుల జీవితములలో వెలుగును మాత్రమే చూపుట లేఖనముల పద్ధతి కాదు. దావీదు పాపము దావీదు చరిత్రలోనే వ్రాయబడినది. 1675లో మాసాసోయిట్ కుమారుడైన మెటాకామ్ నాయకత్వమున ఆదివాసులకును ఆంగ్లేయులకును ఘోర యుద్ధము వచ్చెను. ఆదివాసుల నేల ఏటేట తరిగిపోవుచుండుటయే దానికి ముఖ్య కారణము. 1676 మార్చిలో ప్రావిడెన్సు పట్టణమును కాల్చివేసిరి. విలియమ్స్‌గారి ఇల్లును కాలిపోయెను. నలువది ఏండ్ల స్నేహము ఆ మంటలలో పోయెను. ఆ వేసవిలో చెరపట్టబడిన ఆదివాసులను సంవత్సరముల లెక్కన దాస్యమునకు అమ్మివేసి, సొమ్మును ఊరివారు పంచుకొనిరి. ఆ ఏర్పాటు చేసిన కమిటీలో విలియమ్స్‌గారు ఉండిరి. తనకు ఆశ్రయమిచ్చిన జనుల పిల్లలు అట్లు అమ్ముడుపోవుట ఆయన ఆపలేదు. ఈ సంగతి ఏ స్టాంపుమీదను లేదు. ఆల్బమ్ కూర్చువారు స్టాంపు చూపినదానినే గాక చూపనిదానిని కూడ తెలిసికొనవలెను.

1683 ఆరంభములో విలియమ్స్‌గారు ప్రావిడెన్సులో మరణించిరి. భార్యయు ఆరుగురు పిల్లలును కలిగిన ఆయన ఆస్తి ఏమియు కూడబెట్టలేదు. ఇంటి పెరటిలోనే సమాధి చేసిరి. 1860లో ఆయన అవశేషములకు తగిన సమాధి కట్టవలెనని త్రవ్విచూడగా ఎముకలు లేవు. ప్రక్కనున్న ఆపిలుచెట్టు వేరు ఆ స్థలమునకు పాకి, మనుష్యుని కాలువలె వంగి పెరిగియుండెను. ఆ వేరును ప్రావిడెన్సులో చరిత్ర సంఘమువారు భద్రపరచిరి.

మూడు వందల ఏండ్లకు వచ్చిన రద్దు

విలియమ్స్‌గారు బ్రదికియుండగా గీచిన చిత్రము ఒక్కటియు నిలువలేదు. స్టాంపుమీది ముఖము ఫ్రాంక్లిన్ సిమ్మన్స్ అను శిల్పి ఊహించి చెక్కినది. ప్రావిడెన్సులో విలియమ్స్‌గారి పేరుగల ఉద్యానవనమున 1877లో ఆ విగ్రహము నిలిపిరి. స్టాంపు వేసిననాటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుగారు తామే స్టాంపులు సేకరించువారు. ఆయన కాలమున ఇట్టి జ్ఞాపకార్థపు స్టాంపులు విరివిగా వచ్చెను. మూడు సెంట్లు ఆనాడు అమెరికా లోపలి ఉత్తరమునకు సరిపోవు రుసుము. విదేశమునకు అప్పుడు అయిదు సెంట్లు గనుక, ఈ బిళ్ల నెల్లూరు చేరవలెనన్న దాని ప్రక్కన మరి రెండు సెంట్ల బిళ్ల ఉండవలసియుండెను. కోట్లకొలది అచ్చయినందున ఇప్పటికిని దీనికి పెద్ద వెల లేదు. మన యువజనులు కొద్ది రూపాయలతోనే ఈ పుటను కూర్చుకొనవచ్చును.

దానికంటె విలువైన సంగతి ఒకటి ఉన్నది. 1635లో విధించిన బహిష్కారమును మసాచుసెట్స్ శాసనసభ రద్దుచేసినది ఆ 1936లోనే. ఆయన సమాధిలో ఎముకలు సహితము లేని కాలమునకు ఆయనకు ఇల్లు తిరిగివచ్చుటకు అనుమతి లభించెను! మూడు వందల ఏండ్ల ఆలస్యమును తపాలా ముద్ర దాచలేదు.

మన తీరమునకు

విలియమ్స్‌గారిని వెళ్లగొట్టి, బాప్టిస్టులను కొరడాలతో కొట్టిన ఆ బోస్టను రేవునుండియే 1835లో శామ్యూల్ డే దొరగారు ఓడ ఎక్కిరి. బాప్టిస్టుల విదేశ మిషను కార్యాలయము అప్పటికి బోస్టనులోనే ఉండెను. ఆయన 1836లో మన దేశము చేరిరి. ప్రావిడెన్సు కట్టి సరిగా 200 ఏండ్లు. 1840లో నెల్లూరు వచ్చిరి. పిమ్మట జూయెట్ దొరగారును వచ్చి తోడైరి. అయినను మొదటి పాతికేండ్లలో సంఘమున చేరినవారు బహుకొద్దిమంది. ఫలము లేదని ఈ మిషనును మూసివేయుదుమా అని అమెరికాలో పలుమారులు చర్చించిరి. జనుల మనస్సును బలవంతముగా త్రిప్పరాదని నమ్మినవారు కనిపెట్టుటకు నేర్చుకొనవలెను.

1876–78 కరవులో ఒంగోలునుండి క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిరి. మా అల్లూరు తూర్పున పారుచున్నది ఆ కాలువయే. వేలమంది బాప్తిస్మము కోరినను, కూలిగింజలు ఇచ్చుచున్నంతకాలము ఆయన ఇయ్యలేదు. సహాయపు పని ఆగిన పిమ్మటనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గింజలతో మనస్సాక్షిని కొనరాదను పాఠము ఆయనకు ఎక్కడనుండి వచ్చెనో ఊదారంగు స్టాంపు చూచినవారికి తెలియును.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 25వ అధికరణములో మనస్సాక్షి స్వేచ్ఛను దేశ ప్రజలందరికిని ఇచ్చెను. మన పొరుగువారైన హిందువులకు, ముస్లిములకు, ఏ దేవుని నమ్మనివారికిని అది మనకు ఉన్నంతయే ఉన్నది. మన హక్కు కొరకు వినతిపత్రములు వ్రాయునప్పుడు వారి హక్కును కూడ అదే కాగితముమీద వ్రాయుట మనకు తగును.

శతాబ్ది సంవత్సరమున మన డయాసిస్‌వారికి ఒక మనవి చేయుచున్నాము. ప్రతి పాస్టరేటులోను ఒక పాత మెంబర్ల రిజిస్టరు ఉండును. అందులో ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడిన పేర్లు కనబడును. కొందరు నిజముగా తప్పు చేసినవారు. మరికొందరు కమిటీని ప్రశ్నించినవారు, ఎన్నికలో ఓడిన పక్షమువారు, పెండ్లి విషయమున పెద్దల మాట విననివారు. వారిలో కొందరి బిడ్డలు నేటికిని ప్రక్క వీధిలోనే ఉన్నారు. క్రిస్మసు రాత్రి మన పాటలు వారి ఇంటికి వినబడుచున్నవి. స్తోత్రకూటములు, ఊరేగింపులు, శిలాఫలకములు జరుగవలసినవే. వాటితోపాటు ఒక సాయంకాలము సంఘపు పెద్దలు కూర్చుండి ఆ రిజిస్టరును తెరచి, ఏ పేరును తిరిగి వ్రాయవచ్చునో ప్రార్థనతో ఆలోచింపవలెనని మా కోరిక. మసాచుసెట్స్‌కు ఈ పని చేయుటకు 300 ఏండ్లు పట్టెను. అప్పటికి రద్దుపత్రము అందుకొనుటకు ఆ మనుష్యుడు లేడు. మన రిజిస్టర్లలోని వారిలో అనేకులు ఇంకను బ్రదికియున్నారు.